ఇంటి రొట్టె

జూన్ 16

షాహనాకు ఇల్లు దొరికినట్టే. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నరేంద్రబాబు గారి ఫ్లాట్ ఖాళీ అయింది. ఆయన ఉండేది చెన్నైలో. ఫోన్ చేస్తే, మీకు తెలిసినవాళ్ళయితే నాకేం అభ్యంతరమమ్మా అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో చెప్పగానే షాహనా చాక్‌పీసు చేతులతోనే నన్ను వాటేసుకుంది. తను లెక్కలు చెబుతుంది, నేను తెలుగు. ఇప్పుడుంటున్న ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. వాళ్ళ అత్త బడేబీకి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేదు. మాకు లిఫ్టు ఉంది.

జూన్ 18

సాయంత్రం ఫ్లాట్ చూపించాను. అత్త మంచం బాల్కనీ పక్కన వేస్తే గాలొస్తుంది కదక్కా అంది షాహనా. వాళ్ళాయన యాసీన్ కుళాయిలన్నీ తిప్పి చూశాడు. ట్రంకు రోడ్డులో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. దిగేటప్పుడు లిఫ్టులో పద్మనాభయ్య గారు ఎక్కారు. అసోసియేషన్ ప్రెసిడెంటు. నవ్వుతూ నమస్కారం పెట్టారు. షాహనా తలమీది చున్నీ చూశాక నవ్వు అలాగే ఉంది గానీ చూపు లిఫ్టు బటన్ల మీదికి పోయింది.

జూన్ 20

వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంటు గారి మెసేజ్: కొత్త టెనెంట్ల విషయం ఆదివారం మీటింగ్‌లో. కింద అందరూ బొటనవేళ్ళు పెట్టారు, మా ఆయనతో సహా.

జూన్ 22, ఆదివారం

రాసుకుంటే గానీ కోపం తగ్గేట్టు లేదు.

పద్మనాభయ్య గారు ఎవరినీ ఏమీ అనలేదు. మనసులో మాకేం లేదమ్మా సాయిలక్ష్మీ, మా క్లాస్‌మేట్లు సగంమంది వాళ్ళే అన్నారు. కాకపోతే వంట వాసనలు కొందరికి పడవట. ఆడపిల్లలుండే చోటట. ఈరోజు ఒకరొస్తే రేపు నలుగురొస్తారట. ఈయనింట్లో ఆదివారం చేపల పులుసు కాగుతుంటే కింద వాచ్‌మన్ ఆ వాసనతోనే అన్నం తినేయొచ్చు. ఆ మాట అనాల్సింది.

నేనన్నది ఇది: వాళ్ళు చాలా నీట్ అండీ, చూస్తే అసలు అట్లా అనిపించరు, మనలాగే ఉంటారు.

అట్లా అంటే ఎట్లా? షాహనా తరఫున గట్టిగా మాట్లాడాననే అనుకున్నాను, ఇంటికొచ్చి కూర్చునేదాకా. ఎవరికీ నా మాట తప్పుగా తోచలేదు. ఫ్లాట్ మాత్రం ఇవ్వొద్దన్నారు.

మా ఆయన చంద్రమౌళి అక్కడ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, మనమే కొత్తగా వచ్చినోళ్ళం, రేపు నీళ్ళకైనా పార్కింగుకైనా వీళ్ళ మొహాలే చూడాల అన్నాడు. కొడవలూరు నుంచి మా మామగారు పంపిన బియ్యం మూటలు లిఫ్టులో ఎక్కించామని మొన్న మాకూ క్లాసు పీకారు. పల్లెటూరి అలవాట్లు ఇక్కడ కుదరవన్నారు. అది ఈయన అప్పుడే మర్చిపోయాడు.

జూన్ 23

నరేంద్రబాబు గారి ఫోన్. అసోసియేషన్‌తో గొడవ నాకెందుకమ్మా, ఆ అమ్మాయికి మీరే ఏదో ఒకటి చెప్పండి అన్నారు. స్నేహితురాలిని కదా, అందుకని నేనట.

జూన్ 24

చెప్పాను. ఓనర్ వాళ్ళ బంధువులు వస్తున్నారట అన్నాను. సరేలే అక్కా, వాళ్ళ ఇల్లు, వాళ్ళిష్టం అంది. బెల్ కొట్టేదాకా ఇద్దరం తలెత్తకుండా నోట్సులు దిద్దుకున్నాం. నా మీద నాకే అసహ్యమేసింది.

జూన్ 28

మొన్న వాళ్ళు ఇల్లు మారారు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బడేబీని కుర్చీలో కూర్చోబెట్టి యాసీన్, అతని తమ్ముడు మోసుకెళ్ళారట. ఇంక నన్ను దించేది ఆస్పత్రికేరా అని ముసలామె నవ్విందట. చెప్పింది మా పనిమనిషి రెజీనా. షాహనా వాళ్ళింట్లోనూ తనే చేస్తుంది. మీ మీటింగులో జరిగిందంతా ఆయమ్మకి చెప్పేసినానమ్మా, దాచేదేముంది అంది. నన్నే లిఫ్టెక్కనీరు, ఆమెని ఎక్కనిస్తారా అని కూడా అంది, చీపురు ఆపకుండానే.

రెజీనా రోజూ మెట్ల మీదే వస్తుందని నాకు తెలుసు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

జూలై 3

షాహనాకు అంతా తెలుసు. అయినా టిఫిన్ డబ్బా ఎప్పట్లాగే నా వైపు జరుపుతుంది. తిట్టినా బాగుండేది.

ఇవాళ తనే అడిగింది. రొట్టెల పండగొస్తా ఉంది కదక్కా, పోయినేడు నువ్వు ఇంటి రొట్టె పట్టినావు, ఇల్లొచ్చింది, ఈసారి నీ రొట్టె నాకే వదులు అంది. సొంతిల్లు కోరుకున్నవాళ్ళు దర్గా దగ్గర చెరువులో నిలబడి, ఇల్లు వచ్చినవాళ్ళ చేతి రొట్టె తింటారు. కోరిక తీరితే మరుసటి ఏడు తామే చేసి తెచ్చి ఇంకొకరికి వదలాలి. అక్కడ మతం అడిగేవాళ్ళు లేరు. పోయినేడు నాకు రొట్టె ఇచ్చింది ఎవరో బురఖా ఆమె, పేరు కూడా తెలియదు. పద్మనాభయ్య గారూ ఏటా కుటుంబంతో వెళ్తారు.

సరేనన్నాను. కాదనడానికి నాకు నోరేది?

జూలై 8

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి షాహనా చేతిలో రొట్టె పెట్టాను. కళ్ళు మూసుకుని తీసుకుంది. సగం తింది, సగం అత్తకని చున్నీలో చుట్టుకుంది.

మూడో అంతస్తులోకి ఆ బంధువులు వచ్చినారా అక్కా అని అడిగింది.

ఇంకా రాలేదన్నాను.

వస్తార్లే అని, నా చేయి పట్టుకుని గట్టెక్కించింది.