అక్క కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరుచుకోకపోవడం గురించి

సర్టిఫికెట్ల కార్యాలయం పెద్ద అధికారి గారికి,

అయ్యా,

విషయం: రెండో గదిలో కిటికీ పక్క కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరుచుకోకపోవడం, అందువల్ల మా అక్క ఉద్యోగం ఊడబోవడం.

తమ ఆఫీసులో ఫ్యాన్లు బాగుచేసే నేను, బడి మధ్యలోనే ఎగ్గొట్టినవాణ్ణి, మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు కంప్యూటర్ మీద సర్టిఫికెట్లు టైపు చేసేది మా పెద్దక్క. ఆమెకు చూపు తగ్గింది. పాతదాంట్లో అక్షరాలు పెద్దవి చేసుకుని నెట్టుకొచ్చింది. తమరు లైనక్స్ అని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించారు. మంచిదే, దాంతో నాకేం పగ లేదు. కానీ అందులో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పెద్దవి చేయాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలి. నొక్కితే ఓ చక్రం గిరగిరా తిరిగి మాయమవుతుంది. మళ్ళీ నొక్కినా అంతే. తమ గది ముందు బల్ల మీద కూర్చున్నవాళ్ళకు ఈ అనుభవం కొత్త కాదు.

2. పుట్టిన సంవత్సరంలో మూడు కాస్తా ఎనిమిదిలా కనబడి, ఒక సర్టిఫికెట్‌లో కొడుకు కంటే తండ్రి చిన్నవాడైపోయాడు. ఆ పెద్దాయన వచ్చి, "అమ్మా, నన్నిప్పుడు బళ్ళో వేస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడే తమరు అక్కకు మెమో ఇచ్చారు, ఇంకొక్క తప్పు పడితే ఇంటికే అని. అప్పట్నుంచి నాకు నవ్వు రావట్లేదు.

3. ఫిర్యాదుల కిటికీలో కూర్చునే గుమాస్తా దగ్గరకు వెళ్ళాను.

"ఎర్రర్ ఫోటో ఏది?"

"ఎర్రర్ రావట్లేదు సార్. అసలేమీ రావట్లేదు."

"ఎర్రరే లేకపోతే ఫిర్యాదు దేనికయ్యా?"

పోనీ, సిస్టమ్ వెర్షన్ రాయమన్నాడు. అదెక్కడుంటుంది అంటే, "సెట్టింగ్స్‌లో" అన్నాడు. నవ్వకుండా అన్నాడు! నలుగుర్నీ ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న నాకు కూడా ఇంత నిఖార్సయిన తమాషా ఎన్నడూ తట్టలేదు.

4. తమ కంప్యూటర్లు చూసే ఆయన నన్ను చూడగానే, "బాబాయ్, ఇదీ నీ పనేనా?" అన్నాడు. ఆయన మౌసు కింద ఒకసారి కాగితం ముక్క అంటించానులెండి. ఒట్టేసి చెప్పాక వచ్చి చూశాడు.

"చివరిసారి ఏ పేజీలో మూశామో సెట్టింగ్స్ మళ్ళీ అక్కడే తెరుచుకుంటుంది బాబాయ్. నేను చివర్న చూసింది ప్రింటర్ పేజీ. ఆ ప్రింటర్ని పీకేసి సారు గదిలో పెట్టుకున్నారు. ఇదేమో దానికోసం వెతుక్కుని పడిపోతోంది."

"వేరే పేజీలో తెరువు మరి!"

"ఒక్క లైను టైపు చేస్తే చాలు. ఫిర్యాదు నంబరు లేకుండా చెయ్యి పెడితే మాత్రం నాకూ మెమోనే."

అయ్యా, ఒక్క లైను! తమ గదిలో ఫ్యాన్ విప్పడానికి నిచ్చెన ఎక్కినప్పుడు పైనుంచి చూశాను. ఆ ప్రింటర్‌కి వైరు కూడా తగిలించలేదు. దాని మీద పూలకుండీ పెట్టుకున్నారు. అక్కడ రెండో గదిలో సెట్టింగ్స్ చస్తోంది, మా అక్క కళ్ళు చస్తున్నాయి, తమరు ఇక్కడ కుండీకి నీళ్ళు పోసుకుంటున్నారు.

కావున ఆ ఒక్క లైను టైపు చేయమని ఆయనకు నోటిమాటగా చెప్పి, అక్క మెమో వెనక్కి తీసుకోవాలని కోరుతూ, చిత్తగించవలెను. అంత తీరిక లేకపోతే చిత్తగించినట్టు సంతకమైనా పెట్టవలెను.

తమ విధేయుడు
(ఈ కాగితం అయిపోయేదాకా మాత్రమే),
ఫ్యాన్ల మేస్త్రి

తా.క.: ఇవేం అక్షరాలురా అని తమరు కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితం ముక్కు దాకా తెచ్చుకుని చదివి ఉంటారు. అక్క తెర మీద స్కేలు పెట్టి కొలిచి, సరిగ్గా అదే సైజులో బయట ప్రింటు తీయించాను. తమరు చదివింది ఒక్క కాగితం. అక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదువుతుంది. పెద్ద అక్షరాల్లో కావాలంటే అక్కే టైపు చేసి ఇస్తానంది. ముందు సెట్టింగ్స్ తెరిపించండి.