గుండీల డబ్బాలో పురుగు

తమ్ముడికి,

అక్క రాయునది. మేం క్షేమమే. అడగాలని నీకెప్పుడైనా తోస్తే చదువుకుంటావని ముందే రాసి పెడుతున్నాను. నువ్వు మా గడప తొక్కి ఆరేళ్లయింది. ఆ సంగతి తర్వాత తేలుస్తాను.

నా మల్లెపొదకి పురుగు పట్టింది. వేలెడు పొడుగు, ఆకుపచ్చ రంగు, తోక మీద కొమ్ము. రెండు రోజుల్లో ఒక కొమ్మంతా బోడి చేసింది. మ్యూజియంలో పురుగుల శాఖ వెలగబెడుతున్నావుగా, దీని పేరేమిటో, ఏ మందు కొడితే చస్తుందో వెంటనే రాయి.

ఇట్లు,
నీ అక్క

తా.క. దాన్ని నా కుట్టుబల్ల మీది గుండీల డబ్బాలో పెట్టాను. మీ బావ చూసుకోకుండా చొక్కా గుండీ కోసం చెయ్యి పెట్టారు. ఆ అరుపు మీ మ్యూజియం దాకా వినిపించే ఉంటుంది.

*

అక్కకి నమస్కారాలు.

మందు కొట్టావో, నీకూ నాకూ మాటల్లేవు! రెండు జాతుల చిమ్మటల పిల్లలు అచ్చం ఇలాగే ఉంటాయి. రెక్కలొస్తే గానీ ఏదో తేలదు. రెండో జాతి మీ ఊళ్లో లేదని మా పైఅధికారి, ఉందని నేను. రెండేళ్లుగా నలుగురిలో నన్ను వెక్కిరిస్తున్నాడు. పురుగుని పెంచు. రోజూ లేత ఆకులు పెట్టు. పురుగు పొడుగు కొలువు. మిగతా జాగ్రత్తలు వెనక మూడు పేజీల్లో రాశాను.

నీ తమ్ముడు

తా.క. పెంటికలు ఏ రంగులో ఉన్నాయి? చాలా ముఖ్యం.

*

పురుగుల దొరవారికి,

నాలుగు పేజీల్లో పురుగు ముప్పైసార్లు వచ్చింది. అక్క ఎలా ఉందన్న ముక్క ఒక్కసారీ రాలేదు.

నీ ఉత్తరం చేరడానికి అయిదు రోజులు. నువ్వు చెప్పకముందే ఆకులు వేస్తూనే ఉన్నాను, ఆకలితో మాడ్చడానికి చేతులు రాక. ఉన్నట్టుండి తిండి మానేసింది. గోధుమరంగుకి తిరిగింది. ఒక పూటంతా డబ్బాలో పిచ్చెక్కినట్టు తిరిగి, ముడుచుకుపోయి కదలకుండా పడింది. పూలకుండీలో పాతిపెట్టాను. కత్తిరించాల్సిన కోటు బల్ల మీదే వదిలేసి ఏడ్చాను కూడా. ఇప్పుడు తృప్తేనా?

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న నీ అక్క

తా.క. పెంటికలు నల్లవి. నమ్మవేమోనని పొట్లం కట్టి ఇందులోనే పెట్టాను.

*

అక్కా,

అది చావలేదు! ఈ రకం పురుగు మట్టిలో దూరి అక్కడే గూడులా గట్టిపడుతుంది. మట్టి కోసమే అలా తిరిగింది. ఇన్నేళ్ల సర్వీసులో సూది గుచ్చినవే చూశాను గానీ, బతికున్నదాన్ని నేనెప్పుడూ పెంచలేదు. అందుకే మట్టి సంగతి తట్టలేదు. పాతిపెట్టి మంచి పని చేశావు. ఇక తవ్వకు. తవ్వకు. తవ్వకు!

రెక్కలు రాగానే మందు దూది వేసిన సీసాలో పెట్టి చంపి, వీపున సూది గుచ్చి పార్సెల్ చెయ్యి. నీ దగ్గర సూదులకేం తక్కువ!

నీ తమ్ముడు

తా.క. పొట్లం పైఅధికారి బల్ల మీద విడిపోయింది. మిరియాలనుకుని వాసన చూశాడు.

*

దయలేని తమ్ముడికి,

నీ ఉత్తరం చేరే ముందు రోజే తవ్వాను. ప్రాణం ఉండగానే పాతేశానేమోనని తిండి సహించలేదు. లక్కరంగు బాబిన్ లాంటిది బయటపడింది. పట్టుకుంటే మెలికలు తిరిగింది. ఇప్పుడు గుండీల డబ్బాలో దూది మీద పడుకుంది.

దాన్ని చంపి సూది గుచ్చాలా? నేను దర్జీదాన్నిరా, కసాయిదాన్ని కాదు! తిండి పెట్టి, పాతి, ఏడ్చి, తవ్వి తీసిన చేతులివి. ఆరేళ్లలో నువ్వు అక్కని అడిగిన సాయం ఇదా? గుచ్చను పో!

అక్క

తా.క. మీ బావ గుండీ లేని చొక్కాతోనే పనికి వెళ్తున్నారు. డబ్బా తెరిచే ధైర్యం లేదు.

*

అక్కా,

తప్పయింది. చంపొద్దు. ఒక్క ముక్క రాయి చాలు. ముందు రెక్క అంచున నల్లగీత ఒకటా, రెండా? ఒకటైతే పైఅధికారి గెలిచినట్టు, రెండైతే నేను. సెలవు దొరకదు గానీ, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి.

నీ తమ్ముడు

తా.క. నువ్వు ఎలా ఉన్నావు?

*

ఒరేయ్ తమ్ముడూ,

అడిగావు కనక చెప్తున్నాను. మెషీన్ తొక్కితే మోకాలు నొస్తోంది. మిగతాదంతా బానే ఉంది.

చిమ్మట మొన్న పొద్దున బయటికొచ్చింది. రెక్కలు ఆరేదాకా కర్టెన్ పట్టుకుని వేలాడింది. కిటికీ జానెడు తెరిచి పెట్టాను. నిన్న తెల్లారి చూస్తే కర్టెన్ మీద రెండున్నాయి! ఇవాళ రెండూ లేవు. మల్లెపొద నిండా గుడ్లు. ఈ ఉత్తరం నీకు అందేసరికి పిల్లలు పుడతాయి. వందకి తక్కువుండవు. ఈ మోకాలితో నేనొక్కదాన్ని ఆకులు కోసి పెట్టలేను. వచ్చి పెంచుకో.

మీ బావ మందు కొని తెచ్చారు. వచ్చే ఆదివారం దాకా ఆగమన్నాను. ఆ తర్వాత ఆయన్ని ఆపడం నా వల్ల కాదు.

ఇట్లు,
నీ అక్క

తా.క. గీత ఒకటో రెండో చూశాను. రాయను. వచ్చాక, నువ్వు భోజనానికి కూర్చుంటే చెప్తాను.