కాఫీ గోనెలు, కాశమ్మక్క ఫోటో

జనవరి 10, శుక్రవారం

అల్ అమెరాత్‌లో కాఫీ గింజలు వేయించే రోస్టరీ వాళ్ళు నలభై ఖాళీ కాఫీ గోనెలు ఇచ్చారు. మా ఆయన జావెద్ పికప్‌లో తెచ్చి, హమ్రియాలో మా బిల్డింగ్ మేడ మీద దించాడు. ఉతికి ఆరేశాం. ముక్కు నిండా పీచు. శుక్రవారాల్లో ఆరుగురం ఆడవాళ్ళం కూడి వీటితో బ్యాగులు కుడతాం.

ఈరోజు కాశమ్మక్క అనే ఆవిడ కొత్తగా వచ్చింది. రాయచోటి దగ్గరి మనిషి. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ గల్ఫ్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. మందపాటి గోనెకు మా మిషన్ సూదులు విరుగుతుంటే, ఆమె దారానికి మైనం రాసి చేత్తోనే కుట్టేసింది. ఆ కుట్టు చూస్తూ ఉండిపోయాం.

జనవరి 17

ఫోటో తీయబోతే కాశమ్మక్క చున్నీ అడ్డం పెట్టుకుంది. తను పని చేసే ఇంటి మేడంతో రువీలో చుట్టాలింటికని చెప్పి వస్తోందట. "చేతులు ఎన్నిసార్లయినా తీసుకో అస్రమ్మా. మొగం మాత్రం వద్దు. ఇంటి వీసా మింద ఉండేదాన్ని, బయట పనంటే ఊరుకోరు" అంది.

సరేనన్నాను.

జనవరి 23, సాయంత్రం 5

రేపటి ఎగ్జిబిషన్‌లో మా బ్యాగులకు స్టాల్ దొరికింది. కుట్టినవాళ్ళ ముఖాలు కనిపిస్తే పోస్ట్ బాగా వెళ్తుందని స్టాల్ ఇచ్చిన ఆవిడ అంది. నా ఫోన్లో ఒకటుంది, కాశమ్మక్క చూడనప్పుడు తీసింది. పళ్ళ మధ్య దారం, కళ్ళు సూది మీద, ఎందుకో చిన్న నవ్వు. అంత మంచి ఫోటో నేనెప్పుడూ తీయలేదు. మా కుట్టు గ్రూప్ పేజీలో పెట్టేశాను.

అడిగితే వద్దంటుందని అడగలేదు.

జనవరి 24

రెండు వేల లైకులు. మధ్యాహ్నానికే బ్యాగులన్నీ అయిపోయాయి. కాశమ్మక్కకు ఈ వారం సెలవు లేదట.

జనవరి 31

కాశమ్మక్క రాలేదు.

ఫిబ్రవరి 2

ఫోన్ చేసింది. మేడం చెల్లెలు ఆ ఫోటో చూసి మేడంకు పంపిందట. ఇక వీసా రెన్యూ చేయరట, ఇంటికి పంపేస్తారట. ఇంకో రెండేళ్ళుంటే కూతురి నర్సింగ్ చదువు గట్టెక్కేదని అంది. ఏడవలేదు. ఫోటో ఎవరు పెట్టారని మాత్రం అడిగింది.

బ్యాగులు చూడ్డానికి మేడ మీదికి వచ్చినవాళ్ళెవరో తీసి పెట్టినట్టున్నారన్నాను. ఒక్క మాటయినా తడబడలేదు.

"పోనీలే, నువ్వేం చేస్తావు. బాధపడొద్దు" అంది. నన్ను ఓదార్చింది.

ఫోన్ పెట్టాక పోస్ట్ డిలీట్ చేశాను.

ఫిబ్రవరి 3

జావెద్‌కు అంతా చెప్పాను. ఆ మేడం దగ్గరికి వెళ్ళి, తప్పు నాదని, అక్క అమాయకంగా కుట్టుకోవడానికి వచ్చిందని చెప్పమన్నాడు. తనూ వస్తానన్నాడు. రేపు వెళ్తాం.

ఫిబ్రవరి 4

వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి లేదు.

ఫిబ్రవరి 6

వెళ్ళాం. గేటు దగ్గర మేడం వాళ్ళ డ్రైవర్ ఇక్బాల్ మమ్మల్ని ఆపాడు. హైదరాబాద్ మనిషి. "కాశమ్మనా? నిన్న పొద్దుగాల నేనే ఎయిర్‌పోర్ట్‌ల దింపిన" అన్నాడు.

మొన్న వచ్చుంటే ఆమె లోపలే ఉండేది. దారిలో జావెద్ నాకు మంచినీళ్ళ సీసా అందించాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 14

ఒక హోటల్ వాళ్ళు యాభై బ్యాగులు కావాలన్నారు. ఆ ఫోటోలో ఆవిడ కుట్టినట్టే ఉండాలట. మాతో కుట్టే నసీమా నా వైపు చూసింది. ఆర్డర్ తీసుకున్నాను.

ఫిబ్రవరి 23

ఇక్బాల్ దగ్గర ఆమె ఊరి నంబర్ దొరికింది. చేశాను.

"ఎవురూ?" అంది కాశమ్మక్క.

రాంగ్ నంబర్ అన్నాను, హిందీలో.

ఆమె పెట్టేయలేదు. వింటూనే ఉంది. నేనే పెట్టేశాను.