హెడ్లీ కట్టిన కారు, దాని బెల్టులు

పశ్చిమ యార్క్‌షైర్‌లోని కీత్లీ పట్టణవాసిని, కీర్తిశేషుడు హెడ్లీ గార్త్‌వైట్ భార్యను అయిన ఈనిడ్ గార్త్‌వైట్ అనే నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్లు డాక్టరును అడగవచ్చు. మోకాళ్లు అరిగాయన్నాడు గానీ జ్ఞాపకం అరిగిందనలేదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. దీన్ని న్యాయవాది మిస్ థోర్ప్ అమలు జరపాలి. నా తమ్ముడు వెర్నన్ మిడ్జ్‌లీ ఆమెకు టీ పోసి సలహాలు చెప్పబోతే, టీ తాగి సలహాలు వదిలేయాలి.

2. నా అంత్యక్రియలకు మా లోయలోని సొంత కార్ల క్లబ్బు రాకూడదు. హెడ్లీ పోయినప్పుడు వాళ్లు ఇళ్లలో కట్టుకున్న కార్లన్నీ వరసగా తెచ్చి, ఇంజన్లు హోరెత్తించి, స్టీరింగు చక్రంలా అల్లిన పూలదండ పెట్టి వెళ్లారు. పువ్వులు ఎప్పుడో ఎండిపోయాయి. దాని ఇనప తీగ చట్రం గ్యారేజీలో మేకుకు వేలాడుతోంది. దాన్ని క్లబ్బుకు తిరిగి అప్పగించాలి. నా నుంచి వాళ్లకు చెందవలసింది అదొక్కటే.

3. ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములో సగం నర్సు డొరీన్ అక్రాయిడ్‌కు ఇస్తున్నాను. హెడ్లీ మంచంలో ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే వచ్చి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టేది. అందరూ అతని నడుము గురించి అడిగేవాళ్లు, డొరీన్ మాత్రం రగ్బీ గురించి పోట్లాడేది. ఆ అరగంట అతను రోగిలా ఉండేవాడు కాదు. మిగతా సగం వెర్నన్ మనవరాలు బ్రయనీకి.

4. హెడ్లీ పనిముట్ల పెట్టె కూడా బ్రయనీకే. ప్రతి స్పానరు చోటూ చెక్క మీద పెన్సిలుతో గీసి ఉంటుంది. ఆ గీతలు తుడవవద్దు, అవి అతని చేతి గీతలు.

5. ఇక కారు. గ్యారేజీలో ఉన్న ఆకుపచ్చ కారు, రెండు సీట్లది, పైకప్పు లేనిది, హెడ్లీ ఎన్నో చలికాలాలు ఆ గ్యారేజీలోనే గడిపి తన చేతులతో కట్టినది. సగం పని వెర్నన్ చేశాడు, కాదనను.

ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ తనిఖీలో నెగ్గాలి. అందుకు మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది. రోడ్డు మీద వాడటానికి ఆమోదముద్ర ఉన్న సీటు బెల్టులు ఒకే ఒక జత కొని సంచిలో పెట్టుకున్నారు. ఎవరి కారు తనిఖీకి వెళితే వాళ్లు ఆ సంచి తెచ్చుకుని బెల్టులు బిగించుకుంటారు. నెగ్గాక విప్పి, సంచిలో వేసి, తర్వాతివాడికి అందిస్తారు. విప్పిన చోట రేసు కార్లలో వాడే ఎర్రటి బెల్టులు వేసుకుంటారు, ఫోటోల్లో బాగుంటాయని. ఆ సంచి మోసే పెద్దమనిషి నా తమ్ముడే.

హెడ్లీ మాత్రం, ముద్ర ఉన్న బెల్టులే సొంతంగా కొనుక్కుందామన్నాడు. అప్పుడు వెర్నన్ నా వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది: “పాసయ్యాం కదా బావా, ఇంకెవడు చూడొచ్చాడు? నీ కారుకి నువ్వే పోలీసువా ఏంటి?” హెడ్లీ నవ్వి ఊరుకున్నాడు. మెతకమనిషి. ఆ మెతకదనం చూసే చేసుకున్నాను, ఇవాళ్టికీ నా కడుపుమంట దాని మీదే.

రెండో సీటుకున్న ఎర్ర బెల్టుల భుజం పట్టీలను దాని పొట్టి వీపు మీదుగా వెనక్కి తీసి నేలకు బిగించాడు వెర్నన్. డ్రైవరు వెనక అడ్డగొట్టం ఉంది గనుక అతని పట్టీలు దాని మీదుగా భుజాల ఎత్తున పోయాయి. రెండో సీటు వెనక గొట్టం పెడితే కారు అందం చెడుతుందట. స్కిప్టన్ రోడ్డులో వెర్నన్ నడుపుతూ గొర్రెల ట్రాలీని గుద్దాడు. పెద్ద దెబ్బ కాదు, ఒక్క గొర్రె కూడా కింద పడలేదు. వెర్నన్ పెదవి చిట్లింది. పక్కన కూర్చున్న హెడ్లీని ఆ పట్టీలు వెనక్కి పట్టి ఆపడానికి బదులు నేలకేసి లాగాయి. వెన్నెముక కుంగి విరిగింది.

తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నాడు. వెర్నన్ ఆదివారాలు పంది మాంసం కూరి కాల్చిన పై రొట్టె పట్టుకుని వచ్చేవాడు. వాతావరణం గురించి మాట్లాడేవాడు. బెల్టుల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అయినా ఆ కారును నా తదనంతరం సర్వహక్కులతో వెర్నన్‌కు ఇస్తున్నాను. ఇది నా కోరిక కాదు. పోయే ముందు హెడ్లీ అడిగాడు: “వాడికే ఇవ్వు ఈనిడ్. వాడి చేతులూ ఉన్నాయి అందులో.” అతను క్షమించాడు. నేను క్షమించలేదు, క్షమించను. మాటిచ్చాను గనుక రాస్తున్నాను.

6. కారులో ఇప్పుడున్న బెల్టులు పోయిన వసంతంలో నేను వేయించినవి. మామూలు కార్లలో ఉండే రకమే, మూడు చోట్ల బిగించేవి, ఆమోదముద్ర చీటీ కుట్టి ఉన్నవి. రెండో సీటు వెనక కూడా గొట్టం వేయించి, భుజం పట్టీని భుజం ఎత్తులోనే పట్టించాను. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చుంటుంది. బొత్తాం ఒక్కటి నొక్కితే ఊడి వస్తుంది. బోల్టుల వెనక మందపాటి ఇనప పలకలు వేయించాను. అది చూసి బ్రయనీ చీటీ తిప్పి చదివింది. వెర్నన్ మాత్రం, “ఇవేంటక్కా, పాలబండికి వేసినట్టున్నాయి. కారు నా చేతికొచ్చాక మార్చేస్తాలే. బ్రయనీని పక్కన కూర్చోబెట్టుకుని స్కార్‌బరో ర్యాలీకి వెళ్లాలి,” అన్నాడు.

ఆ పిల్ల కూర్చోబోయేది హెడ్లీ సీట్లో. బెల్టులు మార్చకూడదని ఇక్కడ షరతు రాయవచ్చు. రాసి ఏం లాభం? నేను మట్టిలో ఉంటాను, స్పానరు వాడి చేతిలో ఉంటుంది.

7. అందుచేత చివరి మాట. ఈ దేశ చట్టం ప్రకారం, వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో రాసినదేదీ చెందదు. పక్కింటి ఐవీ హోల్‌రాయిడ్ మొదటి సాక్షి గనుక ఆమెకు ఏమీ రాయలేదు, నా పింగాణీ టీ సెట్టు నిన్ననే చేతికిచ్చేశాను. రెండో సాక్షిగా వెర్నన్‌నే పిలుస్తున్నాను. కాగితాలన్నీ మొదటి పేజీతో సహా అతని ముందు పెడతాను. కళ్లజోడు తెచ్చుకోకపోతే నాది ఇస్తాను. తొందర పెట్టను. చదివితే సంతకం పెట్టడు. అప్పుడు ఐవీ భర్తను పిలుస్తాను, కారు వెర్నన్‌కే వెళుతుంది. ముందున్నది చదివి చేయి వెనక్కి తీసుకున్నవాడు పిల్లను కూర్చోబెట్టే ముందు బెల్టు చీటీ కూడా చదువుతాడని నమ్మి చస్తాను. అలా చదవాలనే నాకు ఉంది, వాడు నా తమ్ముడు.

చదవకుండా పెడితే, వెర్నన్‌కు రాసిన కారు చట్టప్రకారం అతనికి చెందదు గనుక, అది ఇప్పుడున్న బెల్టులతో సహా బ్రయనీకి చెందాలి.

కీత్లీ, 2019 అక్టోబరు 12.

(సంతకం) ఈనిడ్ గార్త్‌వైట్

ఆమె మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా, మేము ఆమె ఎదుట చేసిన సంతకాలు:

1. ఐవీ హోల్‌రాయిడ్, పక్కింటి నివాసి

2. వెర్నన్ మిడ్జ్‌లీ, తమ్ముడు