సగంలో ఆపినా సరే

అన్నయ్యకి,

సోమవారం నువ్వొచ్చి నా తరఫున మాట్లాడతానన్నావని వదిన చెప్పింది. రా, కానీ ఎంక్వైరీ గదిలోకి మాత్రం రావద్దు. నీ ఇంగ్లీషు ముందు నాది కుంటిదే, అయినా చూసింది నేను కాబట్టి నేనే చెబుతాను.

మా లాండ్రీలో నాతోపాటు దుప్పటికి అవతలి కొస పట్టుకునే బుల్లక్క చెయ్యి ఇస్త్రీ రోలర్‌లో పడి కాలింది కదా. ఆ రోజే, తెలుగు రాని మేనేజరుకి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పబోయాను. మనం ఇంట్లో చెప్పుకునే వరసలోనే, చెయ్యి లోపలికి పోకుండా ఉండే అడ్డురేకు విరిగిందని, ముందే మొరపెట్టుకున్నామని మొదలుపెట్టాను. అసలు సంగతికి వచ్చేలోపే ఆయన "సరే సరే" అని లేచిపోయాడు. తప్పు బుల్లక్కదేనని రాసేశాడు. ఎంక్వైరీలో కూర్చునేదీ ఆయనే.

అప్పట్నుంచి వదిన ఫోన్లో నేర్పిస్తోంది. మన 'పడు' పడుకోవడం, పడేయడం అయినట్టే, ఇంగ్లీషువాళ్ళ 'టర్న్' పక్కన 'ఆఫ్' చేరితే ఆపడం, 'అప్' చేరితే రావడం. అది తొందరగానే ఒంటబట్టింది. మన 'చెప్పినా', 'చేసినా'ల్లోని 'నా'కి వాళ్ళు వాడే 'ఆల్దో' మాత్రం నోరు తిరక్క ఏడిపించింది. కుక్కర్ విజిల్‌తో పోటీ పడుతున్నావా అని మీ బావ వెక్కిరించాడు. వెక్కిరించనీ.

వాళ్ళ భాషలో అసలు మాట ముందు పెట్టి, మిగతాది వెనక తగిలించొచ్చట. అందుకే నా వాక్యం తిరగేసి కట్టుకున్నాను. "మీరు మిషను ఆపలేదు" అన్నది ముందు, "రేకు విరిగిందని మేం చెప్పినా" అన్నది తరవాత. ఈసారి ఆయన సగంలో లేచిపోయినా, అనాల్సింది అప్పటికే అనేసి ఉంటాను.

నువ్వు బయట బెంచీ మీద బుల్లక్క పక్కన కూర్చో. మంచినీళ్ళ సీసా మూత ఆవిడ ఇంకా తిప్పలేకపోతోంది.

నీ చెల్లి