భాగ్యలక్ష్మి ఆట చెడగొట్టిన వాళ్లకు నేను రాసి ఇస్తున్నవి

1969లో, ఉద్యమం వల్ల బజారంతా మూసి ఉన్న రోజుల్లో, నా తమ్ముడి కొడుకు రామచందర్ నా భార్య క్యారంబోర్డును ఎత్తుకుపోయి స్టేషన్ రోడ్డు మీద మండుతున్న టైర్లలో వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఇగ నీ వస్తువు నిన్నడగకుంట ముట్ట. నీ మీదొట్టు" అన్నాడు. ఆ ఒట్టు ఏమైందో తెలిస్తే తప్ప ఈ వీలునామాలోని షరతులు ఎవరికీ అర్థం కావు.

జనగామలో కిరాణా టోకు వ్యాపారం చేసే తాటిపల్లి కైలాసం అనే నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, మతి నిలకడగా ఉండగా దీన్ని రాస్తున్నాను. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. అంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు కూడా. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు చదువుకుంటూ బతికినవాణ్ణి కనుక ఇందులో ఏ మాటా పొరపాటున పడలేదు. ఇంతకు ముందు నేను రాసిన ఏ పత్రమూ ఇకపై చెల్లదు. దీన్ని అమలు చేసే బాధ్యత మానుకోటలో టీచరుగా ఉన్న నా కూతురు శారదది. ఆమె ఎవరి మొహమాటానికీ లొంగదు. ఆ గుణం నా నుంచి వచ్చింది.

1. ఇల్లు, ఇంట్లోని సమస్త సామాను, నా పుస్తకాల బీరువాతో సహా, నా భార్య భాగ్యలక్ష్మికి సర్వహక్కులతో చెందాలి. ఆ పుస్తకాలు ఆమె చదవదు. కానీ ఇన్నేళ్లు వాటి దుమ్ము దులిపింది ఆమే. నా తర్వాత అమ్ముకున్నా, పొయ్యిలో పెట్టుకున్నా ఆమె ఇష్టం.

2. 1984లో నేను సికింద్రాబాద్ నుంచి బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె ఒకటి పాతది కొని దుకాణం ముందు పెట్టించాను. పైనుంచి శత్రువుల విమానాలు వరుసలుగా దిగుతాయి. కింద ఉన్న మన విమానంతో వాటిని కాల్చాలి. సేటుకు పిచ్చి లేచిందని బజారంతా నవ్వింది. బేరం లేని ఒక మధ్యాహ్నం భాగ్యలక్ష్మి ఎత్తుపీట వేసుకుని దాని ముందు కూర్చుంది. ఆ వానాకాలం దాటేసరికి ఆమెను ఓడించే కాలేజీ పిల్లగాడు జనగామలో లేడు. రైలు దిగి నేరుగా మా దుకాణానికి వచ్చేవాళ్లు. "అవ్వా, ఒక్క ఆట" అంటే, "పొయ్యి మీద అన్నముంది, జల్ది ఓడిపో బిడ్డా" అనేది. నేను చదివిన ఏ పుస్తకమూ ఆ మాటంత సంతోషం ఇవ్వలేదు. ఆ ఎత్తుపీట ఆమెదేనని ప్రత్యేకంగా రాస్తున్నాను.

3. రెండేళ్ల కింద నేను పెళ్లికని భూపాలపల్లి పోయినప్పుడు దుకాణంలో నాకు సాయంగా ఉండే రామచందర్ ఆ పెట్టెను గార్లలోని ఒక టీ హోటల్‌కు అమ్మేశాడు. ఆమెను అడగలేదు. దాని స్థానంలో జాతకాలు చెప్పడానికి, ఆటలు ఆడించడానికి ఒక కంప్యూటర్ తెచ్చాడు. "గదే ఆట దీంట్ల గూడ ఉంది పెద్దమ్మా. ఇంకా జోర్దార్ ఉంటది" అన్నాడు. నేను గార్ల పోయి చూశాను. కరెంటు ఎక్కువై పెట్టె లోపలంతా కాలిపోయింది. హోటలాయన దాని మీద టీ గ్లాసులు బోర్లిస్తున్నాడు. అది ఇక రాదు.

భాగ్యలక్ష్మి కంప్యూటర్ ముందు కూర్చుంది. సంచి చిరిగి కందులు ఒలికినట్టు విమానాలు మీద పడ్డాయి. చెయ్యి మీట మీదికి పోయేలోపే ఆట అయిపోయింది. మళ్లీ ఆడినా అంతే. అప్పుడు, రోజూ నర్సింహులపేట నుంచి వచ్చి మా పేపరు చదివి మా చాయ తాగిపోయే ఒక పెద్దమనిషి నవ్వాడు. అతని పేరు చివర రాస్తాను. "వదినా, ఆట మంచిగనే ఉన్నది. నీ కండ్లే పోయినయి. ఇగ మనుమరాండ్లకు జడలెయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి లేచింది.

ఆ తర్వాత ఆమె సూదిలో దారం ఎక్కించడం మానింది. బియ్యం ఏరడం పనిమనిషికి అప్పగించింది. ఎందుకని అడిగితే, "నా కండ్లు పోయినయి గదా" అంటుంది. ఆ కళ్లతోనే వీధి చివర నడిచేది ఎవరో ఇప్పటికీ నాకంటే ముందు చెబుతుంది.

4. నేను ఆ కంప్యూటర్‌లోని ఆటలన్నీ ఆడాను. చదరంగం బాగుంది. కంప్యూటర్ ఎంత వేగమైనదైనా నా ఎత్తు కోసం ఆగుతుంది. కొత్తగా వచ్చిన కారు పందెం కూడా బాగానే ఉందని ఇష్టం లేకున్నా ఒప్పుకుంటున్నాను. పాతకాలపు ఆటలే, విమానాలదీ, ఇటుకలు పగలగొట్టేదీ, వెర్రిపరుగు తీస్తాయి. అవి నిదానంగా నడిచే కంప్యూటర్ల కోసం చేసినవి. ఇది వాటికంటే ఎంతో వేగమైనది. వేగం తగ్గించే బొత్తాం ముందు వైపే ఉంది. కానీ వేగం తగ్గితే పరువు పోతుందని, ఎవరూ ముట్టకుండా రామచందర్ దాని మీద మందుపట్టీ అంటించాడు.

ఈ దసరాకు తరాజుకు, కంప్యూటర్‌కు బొట్లు పెడుతూ ఆ పట్టీ పీకి బొత్తాం నొక్కాను. విమానాలు మునుపటి నడకతో దిగాయి. రంగులు లేవు, అంతా పచ్చ వెలుగే. తుపాకి చప్పుడు దోమ మూలిగినట్టుంది. పాత పెట్టెకున్నట్టు పట్టుకుని తిప్పే కర్ర లేదు, మీటలు నొక్కాలి. కానీ నడక మాత్రం అదే. పరుగున పోయి భార్యను పిలిచాను. "నన్ను ఊకుంచనీకి చెప్తున్నవు" అని ఆమె రాలేదు. మొగుడు చెబితే ఓదార్పు అవుతుంది. నవ్విన వాళ్ల నోటితో చెప్పించాలి.

5. కనుక దుకాణం రామచందర్‌కు ఈ షరతు మీద రాస్తున్నాను. నా పన్నెండో రోజున, చుట్టాలు భోజనాలకు కూర్చోకముందు, కంప్యూటర్ వాకిట్లో పెట్టించాలి. ముందు రామచందర్ వేగం తగ్గించకుండా విమానాల ఆట ఆడి అందరి ముందు ఓడాలి. "తప్పు పెద్దమ్మ కండ్లది కాదు, నాది" అని పెద్దగా చెప్పాలి. తర్వాత బొత్తాం నొక్కి ఆమెను పిలవాలి. కాళ్లు పట్టుకోకూడదు, అది వాడికి మరీ సులువు. ఆమె కూర్చుని ఆడితే దుకాణం వాడిది. కూర్చోకపోతే శారదది. కరెంటు పోతే వచ్చేదాకా ఆగాలి, చుట్టాల ఆకలితో నాకు పని లేదు. భర్త పోయిన మనిషి ఆటలాడుతుందా అని ఎవరైనా నసిగితే వాళ్లకు విస్తరి వేయకండి.

6. రామచందర్ తెలివితక్కువవాడు. వాడి మీద కోపం నాతోనే పోతుంది. కానీ మొన్న వాడే ఒక మాట చెప్పాడు. "పెద్దమ్మ కూసోకముందే, ఆ దినం పొద్దుగాల ఆయన గూడ ఆడిండు పెద్దబాపు. ఒక్క విమానం గూడ కూలలే. ఎవ్వరికి చెప్పకు అన్నడు." అంటే ఆ పెద్దమనిషికి తెలుసు. తానూ అలాగే ఓడి, తన కళ్ల సంగతి దాచుకుని, ఆమె కళ్లు పోయాయన్నాడు. అతన్ని ఈరోజు సాక్షి సంతకానికి పిలిచాను. నేను సంతకం చేయడం చూస్తే సాక్షికి చాలు, పత్రం చదవనక్కర లేదు. అతను ఎలాగూ చదవడు. నా పన్నెండో రోజున శారద ఈ ఆరో అంశాన్ని అందరి ముందు, అతని ముఖం చూస్తూ చదవాలి. నేను ఇప్పటికీ తప్పుపడుతున్న మనిషి పేరు సాక్షుల్లో రెండోది.

జనగామ, 14 నవంబర్ 1989

(సంతకం) తాటిపల్లి కైలాసం

సాక్షులు:
భూపాల్, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, జనగామ
రఘునాథ్ రావు, నర్సింహులపేట