సాయన్న పంపిన వాయిస్ మెసేజ్

ఆదివారం, రాత్రి

సాయంత్రం దవాఖానకు పోయి సాయన్నను చూసి వచ్చాను. కుడిచేతికి కట్టు, పెదవికి కుట్లు. పెర్కిట్ దగ్గర బ్రేకు పట్టగానే సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగి, మొహం రోడ్డుకు కొట్టుకుంది. "నీదేం తప్పులేదు తమ్మీ. నేనే జర జోరుమీద ఉంటి," అన్నాడు నవ్వబోయి.

మా స్టీల్ సైకిళ్ల వాట్సాప్ గ్రూపులోనూ అదే రాశాడు. కింద ఎవరో, "ముందుగాల డాక్టర్ సాబ్‌ను అడుగకపోతివి అన్నా!" అన్నారు. సైకిళ్ల రిపేరు సలహాలు చెప్తానని గ్రూపులో నన్నే డాక్టర్ సాబ్ అంటారు. దానికి అందరూ లైకులు కొట్టారు.

అడిగాడు. పోయిన వారమే సైకిల్ చప్పుడు రికార్డు చేసి నాకొక్కడికే పంపాడు. మార్కెట్లో పసుపు తూకాల నడుమ నిలబడి, రెండింతల స్పీడులో పెట్టి, సగం విని ఆపేశాను. టక్ టక్‌మంటోంది, పెడల్ దగ్గరే అనుకున్నాను. "పెడల్ పిన్ను బిగించి గ్రీసు పెట్టు అన్నా. స్టీలు ఊకె విరుగుతదా?" అని దర్జాగా జవాబిచ్చాను. గట్లనే చేసిన, అన్నాడు. నేను సంతోషపడ్డాను కూడా.

ఇందాక దాన్ని మామూలు స్పీడులో చివరిదాకా విన్నాను. చప్పుడు ఆగాక సాయన్న గొంతు: "పెడల్ తొక్కకున్నా వస్తున్నది తమ్మీ. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా. గిట్ల తొక్కొచ్చునా?"

గ్రూపులో నిజం రాద్దామని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను. రేపు ముందు ఆయనకే చెప్పాలి, కానీ ఎట్లా...

నేను అంతా విన్నాకే చెప్పాననుకొని వారం రోజులు తొక్కాడు.